దూరాశ్వారోహణము: నెల్లూరు తీరము, అశ్వవిద్య, యంత్రసాధనములు

ఒక రౌతు ఒకే గుఱ్ఱముపై, గుర్తులిడిన సహజమార్గమున, నియమితమైన కాలములో, గుఱ్ఱమునకు హాని కలుగకుండ దీర్ఘదూరమును గడచుటయే ఉద్దేశముగా గల అశ్వక్రీడకు దూరాశ్వారోహణమని పేరు. నేటి వ్యవహారమున దీనిని ఎండ్యూరెన్స్ రైడింగ్ అందురు. అంతర్జాతీయ స్థాయి పందెములలో ఒక దినపు దూరము 100 కిలోమీటర్లు మొదలు 160 కిలోమీటర్ల వరకు ఉండును. మైదానములో జరుగు గుఱ్ఱపు పందెమునకును దీనికిని గల ముఖ్యభేదము గమ్యస్థానమున తెలియును. మైదానమున ముందు వచ్చిన గుఱ్ఱము గెలిచినది. ఇచ్చట ముందు వచ్చిన గుఱ్ఱమును పశువైద్యుడు పరీక్షించి, ఇది ఇంకను ప్రయాణమునకు తగియున్నదని చెప్పిన పిమ్మటగాని దాని గెలుపు గెలుపు కాదు. వైద్యుడు కాదన్నచో అంతవఱకు పడిన శ్రమ యంతయు లెక్కకు రాదు.

ఈ క్రీడలో గడచిన నలువది యేబది సంవత్సరములుగా ఒక వాదము నడచుచున్నది. గుఱ్ఱపు గుండె వేగమును క్షణక్షణము చూపు నాడీమాపకములు, ఉపగ్రహముల సాయమున మార్గమును వేగమును తెలుపు పరికరములు, శాస్త్రీయముగా కూర్చిన లవణమిశ్రమములు, లాడమునకు బదులు గిట్టలకు తొడుగు ప్లాస్టిక్ పాదరక్షలు మొదలగునవి వచ్చిన తరువాత, గుఱ్ఱము చెవుల కదలికను, శ్వాసను, అడుగు చప్పుడును బట్టి దాని స్థితిని గ్రహించు పాతకాలపు అశ్వవిద్య క్షీణించుచున్నదని ఒక పక్షము వారందురు. ఆ విద్య పేరు చెప్పుకొని ఎన్ని గుఱ్ఱములను చంపలేదని రెండవ పక్షము వారడుగుదురు. రెండు మాటలలోను నిజమున్నది. అయితే ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పడమటి దేశముల పందెపు బాటలలోనే పుట్టినదియు కాదు. విద్యను విడిచి వస్తువును మాత్రమే కొనిన రాజ్యములకు ఏమి జరిగినదో తెలుపు ప్రాచీన సాక్ష్యము మన చోళమండల తీరమును గూర్చియే యున్నది. ఆ తీరమునకు ఉత్తరపు హద్దుగా ఆనాటి విదేశీయులు పేర్కొనిన ఊరు నెల్లూరు.

నెల్లూరు తీరమును అశ్వముల దిగుమతియు

పదునాలుగవ శతాబ్ది ప్రథమపాదమున పారసీక భాషలో చరిత్ర వ్రాసిన వస్సాఫ్ అను నాతడు, మాబర్ దేశము (చోళమండల తీరము) కూలము (నేటి కొల్లము) మొదలుకొని నీలావర్ (నెల్లూరు) వఱకు సముద్రము వెంబడి ఇంచుమించు 300 పరసంగుల (పారసీకుల దూరపు కొలత) పొడవున వ్యాపించియున్నదని చెప్పెను. గుఱ్ఱపు ఓడలు విశేషముగా దిగిన రేవులు దక్షిణమున కాయల్ మొదలగునవియే యైనను, ఈ వర్తకము తీరమంతటికిని సంబంధించినది. పారసీక సింధుశాఖలోని కిష్ ద్వీపమునకు అధిపతియైన జమాలుద్దీన్ తన సొంత గుఱ్ఱములు 1,400 ఏటేట మాబరునకు పంపుటకు ఒడంబడిక చేసికొనెననియు, అన్ని రేవుల నుండియు కలిపి ఏడాదికి 10,000 గుఱ్ఱములు వచ్చెడివనియు, ఒక్కొక్కదాని వెల 220 ఎఱ్ఱబంగారు దీనారములనియు వస్సాఫ్ లెక్క. లెక్క కట్టి చూచిన ఇరువదిరెండు లక్షల దీనారములగును. వింత యేమనగా, నడిసముద్రమున చచ్చిన గుఱ్ఱమునకు సైతము రాజకోశము నుండి వెల చెల్లించుట ఆ ఒడంబడికలో నొక నిబంధన.

ఇంత ధనము పోసి తెచ్చిన గుఱ్ఱములను ఏమి చేసిరి? వస్సాఫ్ చెప్పినదాని సారాంశ మిది. వేయించిన యవలు, వెన్న కలిపిన ధాన్యము మేపి, కాచిన ఆవుపాలు త్రాగించి, నలువది దినములు మేకులకు త్రాళ్ళతో కట్టివైచి కొవ్వెక్కింతురు. ఆ మీదట శిక్షణ లేక, అంకవన్నెలు మొదలగు స్వారీ సామగ్రి యైనను లేక, సైనికులు వాటి పైకెక్కి భూతములవలె పరుగెత్తింతురు. కొలది కాలమునకే మిక్కిలి బలమును వేగమును గల గుఱ్ఱములు మందములై నిరుపయోగము లగును. ఈ వర్ణనలో విదేశీయుని అతిశయోక్తి కొంత యుండవచ్చును. కాని నేటి శిక్షకునకు ఇది చదివిన వెంటనే ఒడలు గగుర్పొడుచును. ఏలయన, నెలకు పైగా కదలనీయక మేపి, ఒక్కసారిగ పరుగెత్తించిన గుఱ్ఱమునకు కండరములు బిగిసి, మూత్రము నల్లబడు వ్యాధి వచ్చునని పశువైద్య గ్రంథములు చెప్పుచున్నవి.

వస్సాఫ్‌నకు కొలది కాలము ముందు, పదుమూడవ శతాబ్ది చివర, ఈ తీరమును దర్శించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో మఱింత కఠినముగా వ్రాసెను. మాబరు రాజు ఏడాదికి రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనునట, అతని సోదరులును అట్లే కొందురట. ఏడాది చివరకు నూఱైనను మిగులవట. వాటికి ఉడికించిన అన్నమును మాంసమును పెట్టుదురనియు, గుఱ్ఱపు వైద్యమును లాడములు వేయుటయు తెలిసినవారు ఈ దేశమున లేరనియు, అట్టివారిని వర్తకులు తమ వెంట తేకపోవుటయే గాక రానీయకుందురనియు, గుఱ్ఱములు చచ్చిననే మరల బేరము సాగును గనుక అది వారికి లాభకరమనియు నాతడు చెప్పెను. వస్తువును అమ్మి విద్యను దాచుకొను వర్తకనీతికి ఇంతకంటె ప్రాచీనమైన దృష్టాంతము నా యెఱుకలో లేదు. నేడు విదేశములనుండి కొని తెచ్చుకొను యంత్రములతోపాటు వాటిని బాగుచేయు నేర్పు రాకపోవుట మనకు అలవాటైన విషయమే గదా.

ఒక విషయమున మాత్రము మార్కోపోలో మన సాహిణులకు (అశ్వశాలాధికారులకు) అన్యాయము చేసెనని తోచును. శుష్కమైన ఎడారులలో పెరిగిన గుఱ్ఱమును తేమతో కూడిన ఉష్ణప్రదేశమునకు తెచ్చినప్పుడు, కొన్నిటికి క్రమముగ చెమట పట్టుటయే మానిపోవును. బ్రిటిషువారి కాలమున ఉష్ణమండలపు వలసలకు తెచ్చిన సైనికాశ్వములలోను పందెపు గుఱ్ఱములలోను ఈ రోగమును స్పష్టముగ గుర్తించిరి. చెమటపట్టని గుఱ్ఱము కొద్దిపాటి శ్రమకే రొప్పి, జ్వరపడి, బక్కచిక్కి పనికిరానిదగును. నేటికిని దీనికి నిశ్చితమైన మందు లేదు, చల్లని చోటికి తరలించుటయే ఉపాయము. దీనికి తోడు జోరీగల కాటుచే వ్యాపించు సర్రా జ్వరము కలదు. కోస్తాలో ఏటేట చచ్చిన గుఱ్ఱములలో ఎన్ని ఉడికించిన అన్నము వలన చచ్చినవో, ఎన్ని ఈ గాలిలోని తేమ వలన చచ్చినవో ఇప్పుడు విడదీసి చెప్పుట యసాధ్యము.

ఓడలకు ఈ తీరమున తుపానుల భయము కూడ నుండెను. ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన ఓడలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగ గైకొనుచుండగా, ఇకమీదట సుంకము మాత్రమే గ్రహింతుమని కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతమున మోటుపల్లిలో అభయశాసనము వేయించినది ఇందులకే. నెల్లూరునకు తూర్పున నున్న కృష్ణపట్టణము ఆ కాలపు శాసనములలో గండగోపాలపట్టణమను పేరుతో కనబడును. తరువాతి కాలమున శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయ సెట్టి తెప్పించిన విదేశ వస్తువులలో హురుమంజి గుఱ్ఱములు చేరియున్నవి. హురుమంజి యనగా పారసీక సింధుశాఖ ముఖమున నున్న హుర్ముజు రేవు. మేలుజాతి గుఱ్ఱమునకు తేజి యను మాట తెలుగున నిలిచినది ఈ వర్తకము వలననే.

విజయనగర కాలమునకు గుఱ్ఱపు బేరము పడమటి తీరమునకు మఱలి, పోర్చుగీసువారి చేతిలో పడెను. కృష్ణదేవరాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొని, మేలైనవి తన సాలలలో నిలుపుకొని, తక్కినవి దండనాయకులకు ఇచ్చెడివాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసెను. రాయలు నెల్లూరు జిల్లాలోని ఉదయగిరి దుర్గమును ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచినపుడు, ఆ కొండదారులలో గుఱ్ఱపు దళము చేయగలిగినది స్వల్పము. రాళ్ళు పగులగొట్టి త్రోవలు వేయించిన పిదపనే కోట లొంగినది. అంతకు పూర్వపు సాళువ నరసింహుని గూర్చి న్యూనిజ్ చెప్పిన మాట మఱవరానిది: ఆ రాజు బ్రదికిన గుఱ్ఱమునకును చచ్చిన గుఱ్ఱమునకును ఒకే వెల యిచ్చెడివాడట, సముద్రములో చచ్చినదానికి సాక్ష్యముగ వర్తకులు దాని తోకను మాత్రము తెచ్చి చూపెడివారట.

ఈ సాక్ష్యములను బట్టి ఆంధ్రదేశమున అశ్వవిద్య లేదనుట తొందరపాటగును. అశ్వశాలల పర్యవేక్షణము చేయు సాహిణి యను ఉద్యోగి కాకతీయుల కొలువున గౌరవస్థానము గలవాడు. శాలిహోత్రుని పేరను నకులుని పేరను ప్రసిద్ధములైన సంస్కృతాశ్వశాస్త్రములు దేశమంతట ప్రచారములో నుండగా, తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమను గ్రంథమునే రచించెను. అమరకోశము గుఱ్ఱపు నడకలను ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతమని ఐదు ధారలుగ విభజించుచున్నది. నెల్లూరి మనుమసిద్ధి కొలువులో నుండిన తిక్కన సోమయాజి విరాటపర్వముతో భారతరచన నారంభించెను. ఆ పర్వమున నకులుడు దామగ్రంథి యను పేరుతో విరటుని గుఱ్ఱములను సాకువాడుగ చేరును. విద్య యుండెను, అది యుండిన చోటికిని, గుఱ్ఱము చేరిన చోటికిని నడుమ ఎడము ఎక్కువగ నుండెననుకొనుట మేలు.

అశ్వహృదయము, అక్షహృదయము

భారతములోనే, నన్నయ తెనిగించిన అరణ్యపర్వ భాగమున, దూరాశ్వారోహణ వాదమంతయు ఇమిడియున్న కథ యొకటి గలదు. అది సవారి కాదు, రథప్రయాణము. అయినను విషయ మొక్కటే. దమయంతి రెండవ స్వయంవర వార్త విని, నూఱు యోజనముల దూరమున నున్న విదర్భకు ఒక్క దినములో చేరవలెనని అయోధ్యాధిపతి ఋతుపర్ణుడు తన సారథియైన బాహుకునితో చెప్పును. బాహుకుడనగా మాఱురూపమున నున్న నలుడు. అతడు సాలలోని గుఱ్ఱములను పరీక్షించి సన్ననివానిని, బక్కచిక్కినట్లున్నవానిని ఎన్నుకొనగా రాజు అనుమానపడును: ఈ బక్క గుఱ్ఱములు ఇంతదూరము పోగలవా? బాహుకుడు సుడుల లక్షణములు చెప్పి, పోగలిగినవి ఇవియే యనును. నేడు దూరపు పందెములలో గెలుచు అరబ్బీ గుఱ్ఱములను చూచినవారు ఆ ఎన్నికను మెచ్చుకొనక మానరు. బలిసిన కండ వేడిని పుట్టించును, సన్నని దేహము వేడిని త్వరగ విడుచును.

దారిలో ఋతుపర్ణుడు తన సంఖ్యావిద్యను చూపబోయి, ఒక తాండ్రచెట్టు ఆకులను కాయలను చూచినంతనే లెక్క చెప్పును. నలుడు నమ్మక, రథము దిగి లెక్కించి, సరిపోవుట చూచి ఆశ్చర్యపడి, తనకు తెలిసిన అశ్వహృదయమను విద్యనిచ్చి రాజు నుండి అక్షహృదయమను విద్యను గ్రహించును. లెక్క ఎఱిగినవానికి గుఱ్ఱము తెలియదు. గుఱ్ఱము నెఱిగినవానికి లెక్క తెలియదు. ఇద్దరును ఒకరి విద్య నొకరు కోరుకొనిరి. నలుడు లెక్కను నమ్ముటకు ముందు బండి ఆపి దిగి ఒక్కొక్క కాయను లెక్కించెనన్నది నాకు ఈ కథలో మిక్కిలి ఇష్టమైన భాగము. నాడీమాపకము చూపిన అంకెను వేలితో దవడ క్రింది నాడిని పట్టి సరిచూచుకొను రౌతులు నేడును గలరు.

ఆధునిక క్రీడ పుట్టుక

ఆధునిక కాలమున ఈ క్రీడకు మూలము సైనిక స్వారీలు. 1892 అక్టోబరులో జర్మను, ఆస్ట్రియా హంగేరీ సైనికాధికారులు బెర్లిన్, వియన్నా నగరముల మధ్య ఇంచుమించు 580 కిలోమీటర్ల పందెము నడపిరి. గెలిచిన కౌంట్ స్టార్హెంబర్గ్ సుమారు 71 గంటలలో గమ్యము చేరెను. అతని గుఱ్ఱము అథోస్ ఆ శ్రమచే చచ్చెను. మఱి యెన్నియో గుఱ్ఱములును దారిలో కూలినవి. ఐరోపాలో దీనిపై పెద్ద అలజడి రేగెను. ఆ రౌతులందఱును తమ కాలమున అశ్వవిద్యలో ఆరితేరినవారనుట గమనింపదగినది. గుఱ్ఱము అలసినదని తెలియక కాదు, తెలిసియు ఆగనందున జరిగిన నష్టమది.

1955లో కాలిఫోర్నియాలోని ఆబర్న్ పట్టణవాసి వెండెల్ రాబీ, సియెర్రా నెవాడా పర్వతములను దాటి ఒక్క దినములో 100 మైళ్ళు పోవచ్చునని పందెము వేసి చూపెను. అదియే టెవిస్ కప్పు. ఇరువదినాలుగు గంటల గడువు దానికి నేటికిని నిలిచియున్నది. మొదటి పదిమందిగ వచ్చినవారి గుఱ్ఱములలో ఉత్తమ స్థితిలో నున్నదానికి 1964 నుండి హగ్గిన్ కప్పు ఇచ్చుచున్నారు. ముందుగ వచ్చినదానికంటె ఆ కప్పు గెలిచిన గుఱ్ఱమునకే అశ్వికులు ఎక్కువ గౌరవమిత్తురు. ఆస్ట్రేలియాలో 1966 నుండి టామ్ క్విల్టీ పందెము జరుగుచున్నది. అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య ఈ క్రీడను అంగీకరించిన తరువాత 1986లో ఇటలీలోని ప్రటోని దెల్ వివారోలో తొలి ప్రపంచ పోటీ జరిగెను. మన దేశమునకు ఇందు ప్రవేశము చాల ఆలస్యముగ లభించినది. కేరళలోని మలప్పురం జిల్లాకు చెందిన నిదా అంజుమ్ చేలాట్ 2023లో ఫ్రాన్సు దేశమున యువ రౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తిచేసి, ఆ పోటీని ముగించిన తొలి భారతీయ రౌతుగ పేరొందెను.

దేహమును ఉష్ణమును

గుఱ్ఱపు దేహమున ఆహారశక్తిలో నాలుగింట మూడు వంతులకు పైగా వేడిగనే మారిపోవును. నడకకు పనికివచ్చునది తక్కిన భాగము. ఆ వేడిని బయటకు పంపుటకు గుఱ్ఱమునకు ముఖ్యసాధనము చెమట. ఎండలో శ్రమించు గుఱ్ఱము గంటకు 10 మొదలు 15 లీటర్ల చెమట విడువగలదు. ఇచ్చటనే ఒక చిక్కు గలదు. మనుష్యుని చెమట రక్తమున కంటె పలుచన. గుఱ్ఱపు చెమట రక్తముతో సమానముగనో అంతకంటె కొంత ఎక్కువగనో ఉప్పగ నుండును. మనుష్యునకు నీరు పోయి ఉప్పు మిగులును గనుక దాహమగును. గుఱ్ఱమునకు నీరును ఉప్పును ఒక్కసారిగ పోవుటచే రక్తపు సాంద్రత అంతగ మారక, దాహము పుట్టవలసినంత పుట్టదు. దేహము ఎండిపోవుచున్నను తొట్టి దగ్గఱ మూతి పెట్టి తీసికొను గుఱ్ఱమును చూచి, దీనికి దాహము లేదని అనుకొను క్రొత్త రౌతు ప్రమాదమునకు దగ్గఱ నున్నాడన్నమాట. ఉప్పులు కలిపిన లేపనమును నోటిలో పూయుట, తడిపిన గడ్డి పెట్టుట, ఇతర గుఱ్ఱములు త్రాగుచున్న చోటికి కొనిపోవుట ఇందులకే. అయితే త్రాగని గుఱ్ఱమునకు ఉప్పులెక్కువ పూసినచో దేహములోని నీరే కడుపులోనికి లాగబడి కీడు పెరుగును. ఎంత, ఎప్పుడు అనునది డబ్బాపై అచ్చువేసిన మోతాదు చెప్పదు.

పందెపు దారిని ఇంచుమించు 40 కిలోమీటర్లకు మించని ఖండములుగ విభజింతురు. ఒక్కొక్క ఖండము చివర వెట్ గేటు అను వైద్యపరీక్షా స్థానము ఉండును. నిర్ణీత నిమిషములలో గుఱ్ఱపు నాడి నిమిషమునకు 64 దెబ్బలకు దిగవలెను. విశ్రాంతిలో దాని నాడి 30 మొదలు 40 వఱకు, గరిష్ఠ పరిశ్రమలో 220కి పైగా నుండునని తలచినచో ఈ 64 ఎంత జాగ్రత్తతో ఎంచిన అంకెయో తెలియును. పిమ్మట వైద్యుడు పంటిచిగురును వేలితో నొక్కి రక్తము తిరిగివచ్చు వేళ చూచును. మెడచర్మము చిటికెతో ఎత్తి విడుచును. పొట్టపై స్టెతస్కోపు పెట్టి పేగుల చప్పుడు వినును. చదునైన నేలపై రెండు తాళముల నడక నడిపించి కుంటుతనము పరికించును. నాడిని లెక్కించి, గుఱ్ఱమును కొంతదూరము పరుగెత్తించి, నిమిషము నిండగనే మరల లెక్కించుట మఱొక పరీక్ష. రెండవ అంకె మొదటిదానిని మించినచో లోపల అలసట దాగియున్నదని గ్రహింతురు. ఈ పరీక్షలన్నిటికిని కావలసిన యంత్రము ఒక గడియారము, ఒక స్టెతస్కోపు మాత్రమే.

సాధనములు

నాడీమాపకపు పట్టీలు ఒకటి జీను క్రింద, ఒకటి కడుపుపట్టీ క్రింద చర్మమునకు తగులునట్లు అమర్చి, అంకెను రౌతు మణికట్టుపై నున్న గడియారమున చూచెదరు. దీని ప్రయోజనము నిస్సందేహము. చదునైన నేలపై మునుపటి వేగముతోనే పోవుచున్న గుఱ్ఱపు గుండె కారణము తోచక పది పదునైదు దెబ్బలు పెరిగినచో, ఎక్కడనో నొప్పి మొదలైనదని కుంటుటకు ముందే తెలియవచ్చును. శిక్షణకాలమున ఇంతకంటె మంచి గురువు లేడని నా అభిప్రాయము. ఎట్టి ఎగువ ఎంతటి శ్రమయో రౌతు ఒడలికి పట్టువఱకు అది అంకెతో చెప్పును. కాని పట్టీ తడియారినప్పుడు, జాఱినప్పుడు అది తప్పు చెప్పును. కడుపునొప్పితో నున్న గుఱ్ఱమునకును, ప్రక్కగా పోయిన ఆడుగుఱ్ఱమును చూచి ఉబ్బిన గుఱ్ఱమునకును ఒకే అంకె చూపును. చెవులు వెనుకకు వాలుట, కండ్లు లోతుకు పోవుట, తోక బిగియుట, పిలిచిన మాటకు తల తిప్పకపోవుట అంకెలలోనికి రావు.

ఉపగ్రహ మార్గదర్శకము సంగతి వచ్చినప్పుడు నెల్లూరు తీరమునకు ఒక ప్రత్యేకత యున్నది. 2022 వఱకు నెల్లూరు జిల్లాలోనిదై, ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరిన శ్రీహరికోట నుండియే భారతీయ మార్గదర్శక ఉపగ్రహములలో మొదటిది 2013 జూలై 1న ఆకాశమున కెగసినది. 2016 ఏప్రిల్ నాటికి ఆ శ్రేణిలో ఏడింటిని పంపిరి. పులికాట సరస్సునకును సముద్రమునకును నడుమ నున్న ఆ ద్వీపము నుండి పోయిన ఉపగ్రహములు, ఎక్కడనో ఎడారిలో పోవుచున్న గుఱ్ఱము ఏ అక్షాంశమున నున్నదో కొలది మీటర్ల తేడాతో చెప్పుటకు ఉద్దేశించినవి. గంటకెన్ని కిలోమీటర్లు పోవుచున్నదో కూడ తెలియును. ఆ నేల కాలి క్రింద గట్టిదో మెత్తనిదో తెలియదు.

మైపాడు, కోడూరు, తుమ్మలపెంట తీరములలో నడచినవారికి ఆ భేదము సులభముగ బోధపడును. ఈ తీరమున ఆటుపోట్ల వ్యత్యాసము స్వల్పమగుటచే, అలలు తడిపి గట్టిపఱచిన ఇసుకపట్టె సన్నముగ నుండును. దానికి ఇటు లోతైన పొడి ఇసుక, అటు అల. పొడి ఇసుకలో గిట్ట దిగి లేచుటకు శ్రమ హెచ్చి, ముంగాలి వెనుక నరములు సాగి వాచును. తడిపట్టె గట్టిదైనను సముద్రము వైపునకు వాలియుండును; ఒకే దిక్కుగ చాలదూరము పోయినచో ఒక ప్రక్క కాళ్ళపై భారము ఎక్కువగును. నేర్పరి యైన రౌతు మైళ్ళ లెక్కను అటునిటు పంచుకొనును, లేదా సరుగుడు తోటల మధ్య మట్టిబాటకు తిరుగును. ఏటి మొగల వద్ద రాత్రికి రాత్రి ఇసుకమేటలు మాఱుచుండును గనుక, నిన్నటి ఉపగ్రహ పటమున నేల యని చూపిన చోట నేడు నడుము లోతు నీరుండవచ్చును. అట్టి చోట పల్లెకారులను అడుగుట మేలు. వైశాఖ జ్యేష్ఠములలో పడమటి గాలి నిప్పులు చెఱుగును. ఆశ్వయుజము మొదలు మార్గశిరము వఱకు ఈశాన్య ఋతుపవనము వర్షించును. దూరపు స్వారీకి అనువైనవి పుష్య మాఘములే. ఆ మాసములలోను సముద్రపు గాలిలోని తేమ చెమటను ఆఱనీయదు. కారుటయే గాని చల్లార్చుట లేని చెమట నిష్ప్రయోజనము. 2018 సెప్టెంబరులో అమెరికాలోని ట్రయాన్‌లో ప్రపంచపోటీని మధ్యలోనే రద్దుచేయుటకు ఉష్ణముతో కలిసిన ఈ తేమయే ముఖ్యకారణమయ్యెను. ఆ అధికారులు ఆధారపడినది ఎండను, వేడిని, తేమను కలిపి కొలుచు సూచికపై. సాధనము గుఱ్ఱములను రక్షించిన సందర్భమిది.

రక్షింపని సందర్భములును గలవు. పశ్చిమాసియా ఎడారులలో చదును చేసిన దారులపై 160 కిలోమీటర్లను గంటకు 25 కిలోమీటర్లకు మించిన సగటు వేగముతో గడచుట అలవాటైనది. వెంట వాహనములు నడచును. వాటిలోని శిక్షకులు ఫోనులో ఆజ్ఞ లిత్తురు. రౌతు చేయవలసినది జీనుపై నిలుచుట మాత్రమే. గుఱ్ఱముల గాయములు, ఔషధ దోషములు, నియమోల్లంఘనములు పెరుగుటచే అంతర్జాతీయ సమాఖ్య 2015లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ సమాఖ్యను కొంతకాలము బహిష్కరించెను. ఇందు దోషము నాడీమాపకమునది కాదు. గుఱ్ఱము వీపుపై నున్నవాని నిర్ణయమును వాహనములో నున్నవానికి తరలించుటకు ఆ యంత్రములన్నియు తోడ్పడినవి. వస్సాఫ్ కాలమున గుఱ్ఱమును ఎఱుగనివాడు దాని వీపుపై నుండెను. ఇప్పుడు నిర్ణయించువాడు వీపుపైననే లేడు.

దీనికి వ్యతిరేకముగ, మంగోలియాలో 2009 నుండి జరుగు 1,000 కిలోమీటర్ల పందెమున, చెంగిజ్ ఖాన్ నాటి టపా మజిలీల పద్ధతిపై రౌతు మజిలీకొక గుఱ్ఱమును మార్చుకొనును. ప్రతి మజిలీలోను వైద్యులు నాడిని పరీక్షింతురు. ప్రతి రౌతుకును ఉపగ్రహ పరికరము గట్టి, దారితప్పినవారిని వెదకుదురు. ఇచ్చట యంత్రము మనుష్యుని కాపాడుటకు, వైద్యుడు గుఱ్ఱమును కాపాడుటకు నియోగింపబడిరి. ఈ విభజన నాకు సబబుగ తోచును.

గిట్టల విషయము ఇంతలో ముగింపవచ్చును. లాడము ప్రాచీనసాధనము, ప్లాస్టిక్ తొడుగు నవీనము, మెత్తని ఇసుకలో రెండింటి అవసరమును తక్కువ, రాతి కొండలలో రెండింటిలో ఒకటి కావలెను. మేత విషయమున ఉలవల గుగ్గిళ్ళు నేటి శాస్త్రీయ దాణాలకు తీసిపోవు. అయితే పందెపు దినమున గింజలకంటె గడ్డియే ప్రధానము, ఏలయన పెద్దప్రేగులో నానిన గడ్డి నీటిని నిలువచేయు చెరువువలె పనిచేయును. మార్కోపోలో చూచిన ఉడికించిన అన్నమునకు వైద్యుల ఆమోదము నేటికిని లేదు.

నెల్లూరు పేరు లోకమున గుఱ్ఱము వలన గాక ఎద్దు వలన వ్యాపించినదని ఇచ్చట ప్రసక్తానుప్రసక్తముగ చెప్పవచ్చును. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ ప్రాంతపు ఒంగోలు జాతి పశువులు ఓడలపై బ్రెజిల్ చేరి, నెలోర్ అను పేరుతో అచ్చటి పచ్చికబయళ్ళను నింపినవి. ఎడారి గుఱ్ఱము ఈ గాలికి తాళలేకపోయెను. ఈ గాలిలో పెరిగిన ఎద్దు సముద్రము దాటి నిలిచెను.

టెవిస్ కప్పు దారిలో లోతైన కనుమల నుండి ఎగువకు పోవలసిన చోట్ల అనుభవజ్ఞులైన రౌతులు దిగి నడుతురు. గుఱ్ఱమును ముందు విడిచి, దాని తోకను పట్టుకొని వెనుక ఎక్కుదురు; బరువు వీపుపై నుండి తొలగును, గుఱ్ఱపు ఊపు రౌతును కొంత లాగును. సాళువ నరసింహుని కోశాగారమున వెలకు సాక్ష్యమైన తోక ఇచ్చట ఊతకోల యగుచున్నది. దీనికి గుఱ్ఱమును ముందుగనే అలవాటు చేయవలెను. వెనుక నున్నవానిని తన్నకుండ, తొందరపడకుండ, మలుపులలో మాటకు ఆగునట్లు నేర్పుటకు నెలలు పట్టును. ఆ ఎగువలో రౌతుకు ఒక చేత తోకయు, ఒక చేత ముందునకు పోయిన పొడుగు త్రాడును ఉండును. మణికట్టు మీది అంకెను చూచుకొనుటకు చేయి ఖాళీగ నుండదు.